తెర మీద ఎవరి చోటు ఎంత

ముంబైకి ఈశాన్యంగా, థానే జిల్లాలో ఉన్న భివండీకి మరమగ్గాల ఊరని పేరు. అందులో పద్మనగర్ మనవాళ్ల పేట. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట బతుకుదెరువు కోసం వచ్చిన పద్మశాలీలు ఇక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుకుంటూ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, కార్పొరేషన్ ఆఫీసులో మరాఠీ, ఊళ్లోని అన్సారీ నేతగాళ్ల దుకాణాల మీద ఉర్దూ, సరుకు బిల్లు మీద ఇంగ్లీషు. నాలుగు భాషలు, నాలుగు లిపులు. మూడు లిపులు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి, ఒకటి కుడి నుంచి ఎడమకు. ఇంగ్లీషును పక్కన పెడితే మిగిలిన మూడింటికీ అక్షరాలు కూర్చునే గీతకు పైనో కిందో అదనంగా చోటు కావాలి.

కంప్యూటర్ తెర మీద, ఫోను తెర మీద ఏ వస్తువు ఎక్కడ కూర్చోవాలో తేల్చే పద్ధతుల గురించి ఈ అధ్యాయం. ఈ విషయాన్ని మామూలుగా ఇంగ్లీషు ఒక్కటే ఉన్న తెరను చూపించి నేర్పుతారు. అలా నేర్చుకుంటే ఈ విద్య విలువ సగమే తెలుస్తుంది. నాలుగు లిపులున్న పద్మనగర్‌లో ఒక తెర నిలబడిందంటే ఇంకెక్కడైనా నిలబడుతుంది. అందుకని మన ఉదాహరణ ఇక్కడే పెట్టుకుందాం.

సాంచాల కార్ఖానాలో వారం వారం లెక్క రాసుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉందనుకోండి. కూలీ మీటర్ల లెక్కన. తెర మీద ఒక వరుస: మొదట ‘నేసిన మీటర్లు’ అనే పేరు, దాని పక్కన అంకె కొట్టే గడి, ఆ పక్కన ‘భద్రపరచు’ అనే బటన్. వీటిలో ఒక్కొక్కదాన్నీ విడ్జెట్ అంటారు. మూడింటినీ తనలో ఇముడ్చుకున్న పెట్టె కంటికి కనిపించదు గానీ అదీ విడ్జెట్టే. దాన్ని కంటైనర్ అంటారు, లోపలున్నవి దాని పిల్ల విడ్జెట్లు. ఒక కంటైనర్‌లో ఇంకో కంటైనర్‌ను కూడా పెట్టొచ్చు. అలా ఒకదానిలో ఒకటి చేరగా చేరగా అన్నిటికీ బయట ఉండేది విండో. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. ఈ పిల్లల్లో ఎవరు ఎక్కడ, ఎంత చోటులో కూర్చోవాలో చెప్పేదెవరు?

చప్పున తోచే జవాబు, ప్రోగ్రాం రాసేవాడే చెప్పాలని. ఎడమ అంచు నుంచి ఇంత, పై అంచు నుంచి ఇంత, వెడల్పు ఇంత, ఎత్తు ఇంత అని నాలుగంకెలు రాసేస్తే సరి. మైక్రోసాఫ్ట్ 1991లో తెచ్చిన విజువల్ బేసిక్ ఈ పద్ధతిని లక్షల మందికి అలవాటు చేసింది. బటన్‌ను మౌస్‌తో లాగి ఫారం మీద వదిలితే చాలు, లెఫ్ట్, టాప్, విడ్త్, హైట్ అనే నాలుగు విలువలూ వాటంతటవే నిండేవి. కొలత ట్విప్‌లలో ఉండేది, అంగుళానికి 1440 ట్విప్‌లు. గీసినవాడి తెర మీద ఫారం ముచ్చటగా ఉండేది. ఇబ్బంది అంతా రెండో మనిషి తెర దగ్గర మొదలయ్యేది.

నేతపని తెలిసినవాళ్లకు ఈ ఇబ్బంది కొత్తది కాదు. జాకార్డ్ డిజైనును గ్రాఫ్ కాగితం మీద గీస్తారు. ఒక గడి అంటే ఒక పడుగు పోగు మీద ఒక పేక పోగు. గుడ్డలో అంగుళానికి 60 పడుగు పోగులు, 60 పేక పోగులు పడుతుంటే, 60 గడుల వెడల్పు 60 గడుల ఎత్తులో గీసిన గుండ్రని పువ్వు గుడ్డ మీద కూడా గుండ్రంగానే వస్తుంది. అదే డిజైనును అంగుళానికి 40 పేక పోగులే పడే గుడ్డకు ఎక్కిస్తే నిలువునా ఆ 60 గడులు అంగుళంన్నర సాగుతాయి. గడుల లెక్క తప్పలేదు, గడి కొలత మారింది, పువ్వు కోలగా వచ్చింది. పిక్సెల్‌ది కూడా ఇదే తంతు. అంగుళానికి 160 పిక్సెల్‌లున్న తెర మీద 160 పిక్సెల్‌ల బటన్ సరిగ్గా అంగుళం ఉంటుంది. అంగుళానికి 480 పిక్సెల్‌లున్న ఫోనులో అదే బటన్ అంగుళంలో మూడో వంతుకు తగ్గిపోతుంది, వేలితో నొక్కడమే కష్టం. అందుకే ఆండ్రాయిడ్ 160ని ప్రమాణంగా పెట్టుకుని, పిక్సెల్‌కు బదులు డీపీ అనే కొలత వాడమంటుంది. దానితో పెట్టె సైజు గొడవ తీరుతుంది. పెట్టె లోపలి రాత గొడవ అలాగే ఉంటుంది.

మనకు ముఖ్యమైంది ఆ రాత గొడవే. ఇంగ్లీషులో నాలుగక్షరాల ‘సేవ్’ కోసం కొలిచి పెట్టిన బటన్‌లో ‘భద్రపరచు’ పట్టదు. చివరి అక్షరాలు తెగిపోతాయి, లేదంటే వాటి చోట మూడు చుక్కలు వస్తాయి. ఇది మన ఒక్కరి బాధ కాదు, పొడుగు మాటల జర్మన్ వాళ్లకూ ఉంది. తెలుగుకు ప్రత్యేకంగా ఉన్న బాధ ఎత్తుది. పద్మనగర్ చిరునామా తెలుగులో రాయాలంటే ‘మహారాష్ట్ర’ అని రాయక తప్పదు. ఆ చివరి అక్షరాన్ని ఒక్కసారి నిదానంగా చూడండి. పైన తలకట్టుతో ష, దాని కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. ఇంగ్లీషులో గీత కిందికి దిగే అక్షరాలు కొన్నే, అవి దిగేదీ కాస్తే. ఆ కాస్తకు సరిపోయేలా ‘ఎత్తు 20 పిక్సెల్‌లు’ అని బిగించేసిన గడిలో ‘మహారాష్ట్ర’ కొడితే కింది వత్తులను గడి అంచు కోసేస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి తోక తెగితే చూడ్డానికి వికారంగా ఉంటుంది గానీ పోల్చుకోవచ్చు. మన వత్తు పూర్తిగా తెగితే మాటే మారిపోతుంది. ‘లక్ష్మి’ ‘లక్షి’ అవుతుంది, ‘గుడ్డ’ ‘గుడ’ అవుతుంది, ‘పద్దు’ ‘పదు’ అవుతుంది. ఇలాంటి తెరలు ఫోన్లలో మనకు తరచూ ఎదురవుతాయి. ఫాంటు బాగాలేదని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు ఫాంటు నిక్షేపంగా ఉంటుంది. గడి ఎత్తును అంకెతో బిగించినవాడిదే తప్పు.

సాంచాల షెడ్డులో ఈ తప్పు ఖరీదు ఇంకా ఎక్కువ. మగ్గాలు నడుస్తుంటే పక్క మనిషి మాట చెవిలో అరిస్తే తప్ప వినపడదు. ఫోను నోటితో చదివి వినిపించే సాయం అక్కడ అక్కరకు రాదు, కంటితో చదివే తెర ఒక్కటే దిక్కు. కూలీ లెక్క చూసుకునే మనిషికి ఆ తెర మీద వత్తు వత్తుగా కనిపించాలి.

ప్రోగ్రాం రాసేవాళ్లకు ఇదంతా చాలాకాలంగా తెలుసు. 1995 ప్రాంతంలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు గింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రాం మొదలుపెట్టారు. దాని మెనూలకు, బటన్లకు మొదట మోటిఫ్ అనే టూల్‌కిట్, అంటే విడ్జెట్ల సరంజామా, వాడారు. అప్పట్లో అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. దాన్ని పక్కన పెట్టి తమ విడ్జెట్లు తామే రాసుకున్నారు. అదే జీటీకే. 1998లో దాని 1.0 వచ్చింది. 2002 మార్చిలో వచ్చిన 2.0తో, పలు లిపుల కూర్పు తెలిసిన పాంగో అనే లైబ్రరీ ప్రతి బటన్ వెనకా, ప్రతి పేరు వెనకా వచ్చి చేరింది. గ్నోమ్ డెస్క్‌టాప్ కట్టింది ఈ జీటీకే మీదే. ఆ తర్వాతి ఏళ్లలో హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ వాళ్లు, ఇంకా ఎందరో వలంటీర్లు కూర్చుని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగు చేశారు. మెనూలు తెలుగులో కనిపించాయి. ఆ ప్రోగ్రాంలు రాసినవాళ్లలో చాలామందికి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా తెలుగు మాటలు ఆ మెనూల్లో ఇమిడాయంటే అందుకు కారణం కంటైనర్లు చేసే లెక్క.

జీటీకేలోనూ నాలుగంకెల పద్ధతికి చోటుంది. జీటీకే ఫిక్స్‌డ్ అనే కంటైనర్‌లో ఏ పిల్లనైనా ఎడమ నుంచి ఇంత, పై నుంచి ఇంత అని ఒక చోట పాతేయొచ్చు. అయితే జీటీకే సొంత సూచనల పుస్తకమే మామూలు ప్రోగ్రాంలకు దీన్ని వాడొద్దని తెగేసి చెబుతుంది. థీం మారితే విడ్జెట్ సైజు మారుతుంది, ఫాంటు మారితే రాత సైజు మారుతుంది, అనువాదం చేస్తే మాట పొడవు మారుతుంది, కుడి నుంచి ఎడమకు నడిచే భాషల్లో వరుసే తిరగబడుతుంది. ఇవేవీ ఫిక్స్‌డ్ పట్టించుకోదు. ఒక పనిముట్టును చేతికిస్తూనే దీని జోలికి పోవద్దని హెచ్చరించడం అరుదు, అలా రాసిపెట్టినందుకు వాళ్లను మెచ్చుకోవాలి. ఆండ్రాయిడ్ కూడా ఇలాంటి ఆబ్సొల్యూట్ లేఅవుట్‌తోనే మొదలై, 2009లో 1.5 వచ్చేసరికే ఇక దాన్ని వాడొద్దని పక్కన పెట్టింది. నిజంగా ఫిక్స్‌డ్ కావలసిన పనులు కొన్ని ఉన్నాయి. పటం మీద ఊళ్ల గుర్తులు, మనం చెప్పుకున్న జాకార్డ్ గ్రాఫు లాంటివి. అక్కడ చోటే అసలు సమాచారం.

మరి మిగతా వాటికి దారేది? అది 1980ల్లోనే దొరికింది. తెర మీద విండోలు చూపించే ఎక్స్ విండో వ్యవస్థ ఎంఐటీలో 1984లో మొదలై, 1987 సెప్టెంబరుకు 11వ రూపం దాల్చింది. దాని మీద విడ్జెట్లు రాయడానికి ఎక్స్ టూల్‌కిట్ ఇంట్రిన్సిక్స్ వచ్చింది. అందులో ఒక గట్టి కట్టుబాటు ఉంది. పిల్ల విడ్జెట్ తన సైజును తానే మార్చుకోకూడదు, కంటైనర్‌ను అడగాలి. కంటైనర్ ‘సరే’ అనొచ్చు, ‘కుదరదు’ అనొచ్చు, ‘దాదాపు’ అనొచ్చు. ఈ మూడో జవాబుతో పాటు, నువ్వడిగినంత ఇవ్వలేను గానీ ఇంత ఇవ్వగలనని ఒక కొలత పంపుతుంది. పిల్ల వెంటనే ఆ కొలతనే మళ్లీ అడిగితే ఇక కంటైనర్ కాదనడానికి వీల్లేదు. మాట ఇచ్చింది కాబట్టి ఇవ్వాల్సిందే. ఈ మొత్తం ఏర్పాటులో ఆ ‘దాదాపు’ను నేను గొప్ప ఆలోచన అంటాను. సరే, కుదరదు అనే రెండే జవాబులుంటే, ఎంత అడిగితే దొరుకుతుందో తెలియక పిల్ల విడ్జెట్ మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉండాలి.

జీటీకే ఈ బేరాన్ని రెండు విడతలకు కుదించింది. మొదటి విడతలో కంటైనర్ తన పిల్లలందరినీ మీకెంత కావాలని అడుగుతుంది. 2011లో వచ్చిన 3.0 నుంచి ఒక్కో పిల్ల రెండంకెలు చెబుతుంది. ఇంతకు తగ్గితే పనికిరాను అనేది కనీసం. ఇంత ఉంటే ఏ ఇబ్బందీ లేదు అనేది సహజం. రెండో విడతలో కంటైనర్ తన చేతిలో ఉన్న చోటును పంచుతుంది, ఇచ్చింది పుచ్చుకుని పిల్ల అందులోనే సర్దుకోవాలి. అడగడం లోపలి నుంచి బయటికి వస్తుంది, పంపకం బయటి నుంచి లోపలికి పోతుంది.

మన వరుసతోనే లెక్క చేసి చూద్దాం. చేతిలో ఉన్న వెడల్పు 360 అనుకోండి. మూడు విడ్జెట్ల మధ్య ఎనిమిదేసి చొప్పున రెండు సందులు, మొత్తం 16. ఇంగ్లీషు మాటలతో పేరుకు 96, గడికి 120, బటన్‌కు 84 కావాలి. సందులతో కలిపి 316. ఇంకా 44 మిగిలింది. మిగిలిందంతా నాకు ఇవ్వమని గడికి ముందే గుర్తు పెట్టి ఉంచాం, కాబట్టి గడి 164 వెడల్పుకు సాగుతుంది. అంతా సుఖంగా ఉంది.

ఇప్పుడు భాష తెలుగుకు మార్చండి. పాంగో అక్షరాలను కూర్చి కొత్త కొలతలు చెబుతుంది. ‘నేసిన మీటర్లు’కు 132, ‘భద్రపరచు’ బటన్‌కు 118, గడికి పాత 120. సందులతో 386. ఉన్నది 360, కొరత 26. ఫిక్స్‌డ్‌లో అయితే ఇక్కడే బటన్ తెర బయటికి పోతుంది. పెట్టెలో ఏం జరుగుతుందో చూడండి. పేరును రెండు లైన్లుగా విరవొచ్చని మనం ముందే ఒప్పుకున్నామనుకుందాం. అప్పుడు దాని కనీస వెడల్పు పొడుగైన ఒక్క మాటంత, అంటే ‘మీటర్లు’ పట్టేంత, 74 అనుకోండి. కనీసాలతో మొదలుపెడితే 74, 120, 118, సందులు 16, వెరసి 328. మిగిలింది 32. తన సహజ కొలతకు తక్కువలో ఉన్నది పేరు ఒక్కటే కాబట్టి ఆ 32 దానికే పోతుంది. దాని వెడల్పు 106. 106, 120, 118, 16 కలిపితే సరిగ్గా 360.

కథ ఇంకా ఉంది. 106 వెడల్పులో రెండు మాటలూ ఒక లైన్లో పట్టవు. కంటైనర్ పేరును రెండో ప్రశ్న అడుగుతుంది. నీకు 106 వెడల్పే ఇస్తే ఎంత ఎత్తు కావాలి? పేరు రెండు లైన్లుగా విరిగి, పై లైను గుడులకూ కింది లైను వత్తులకూ చోటు లెక్కవేసుకుని, తన ఎత్తు చెబుతుంది. ఆ ఎత్తే వరుస ఎత్తవుతుంది. కింద ఉన్న వరుసలన్నీ అంతమేరకు కిందికి జరుగుతాయి. వెడల్పు తేలాకే ఎత్తు అడగడమనే ఈ చిన్న మార్పు 3.0లో వచ్చింది. తెలుగు లాంటి లిపికి ఇంతకన్నా పెద్ద మేలు చేసిన మార్పు ఈ టూల్‌కిట్‌లో నాకు కనపడదు. ఎందుకంటే ఇక్కడ ఎత్తు అనేది ప్రోగ్రాం రాసేవాడు కూర్చుని ఊహించే అంకె కాదు. అక్షరాలు తమ వత్తులతో సహా అడిగి తీసుకునే చోటు.

పేరును విరవొద్దని బిగించి ఉంటే? అప్పుడు వరుస కనీసం 386 అవుతుంది, ఆ కనీసం బయటి విండో దాకా పాకుతుంది. కంప్యూటర్ మీద విండోను అంతకన్నా చిన్నది చేయడం కుదరదు, అంతే. ఫోను తెరను వెడల్పు చేయలేం కదా. అక్కడ వరుసను నిలువుగా మార్చి, పేరు కింద గడి, గడి కింద బటన్ పెట్టడమే మర్యాద. తెలుగులో ఫారాలు తయారు చేసేవాళ్లు మొదటి నుంచీ పేరును గడి పక్కన కాకుండా గడి పైన పెట్టుకుంటే సగం తలనొప్పి తప్పుతుందని నా నమ్మకం.

ఉర్దూ దగ్గర ఇంకో మలుపు. కార్ఖానాలో కొందరు ఆ ప్రోగ్రాంనే ఉర్దూలో చూడాలనుకుంటారు. ఉర్దూ కుడి నుంచి మొదలవుతుంది, అంటే పేరు కుడి చివర, బటన్ ఎడమ చివర రావాలి. జీటీకేలో అడ్డంగా పేర్చే పెట్టె భాష దిశను చూసి తనంతట తానే వరుసను తిప్పేస్తుంది. ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చే పని లేదు. దీనికి ఒకటే షరతు. రాసేటప్పుడు ‘ఎడమ’, ‘కుడి’ అనకుండా ‘మొదలు’, ‘చివర’ అనాలి. ఆండ్రాయిడ్ ఈ అలవాటుకు 2012లో 4.2తో వచ్చింది. అంతకుముందు రాసిన యాప్‌లలో ఎడమ, కుడి అనే మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి మార్చుకోవాల్సి వచ్చింది. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలిలో మాట పై నుంచి కిందికి ఏటవాలుగా జారుతుంది. మాట ఎంత పొడుగైతే అంత ఎత్తు పడుతుంది. కాబట్టి ఎత్తును అంకెతో బిగించిన గడి అన్సారీల ఉర్దూకూ మన తెలుగుకూ ఒకే రకమైన అన్యాయం చేస్తుంది.

ఇప్పటిదాకా చూసింది ఒక్క వరుస. నిజమైన ఫారంలో సాంచా నంబరు, నేత పేరు, భీము నంబరు, మీటర్లు, కూలీ అంటూ చాలా వరుసలుంటాయి. ఒక్కో వరుసకు ఒక్కో పెట్టె పెడితే, ప్రతి వరుసా తన పేరు పొడవును బట్టి తన గడిని వేరే చోట మొదలుపెడుతుంది. గడుల అంచులు ఒక గీతలో ఉండవు. దీనికి గ్రిడ్ కావాలి. గ్రిడ్ మొదటి నిలువు వరుసలోని పేర్లన్నిటినీ అడిగి, అన్నిటికన్నా పొడుగైన దానికి సరిపడా వెడల్పును ఆ నిలువు వరుసకంతటికీ ఇస్తుంది. తెలుగులో ఒక్క పేరు పొడుగైతే గడులన్నీ కలిసికట్టుగా పక్కకు జరుగుతాయి. పేరూ గడీ పక్కపక్కన ఉన్నప్పుడు వాటిని నిలువునా మధ్యకు సర్దితే చాలదు, రెండింటిలోని అక్షరాలు ఒకే గీత మీద కూర్చోవాలి. పేరులో వత్తులుండి గడిలో అంకెలే ఉంటే, మధ్యకు సర్దినప్పుడు ఒకటి ఎగువకు ఒకటి దిగువకు కనిపిస్తుంది. అందుకే కొత్త టూల్‌కిట్లలో విడ్జెట్ తన ఎత్తుతో పాటు తన అక్షరాల గీత ఎక్కడుందో కూడా చెబుతుంది.

పైథాన్ నేర్చుకునే మన పిల్లలు ముందుగా చూసేది టీకే. జాన్ ఔస్టర్‌హౌట్ బర్కిలీలో ఉన్నప్పుడు రాసిన టూల్‌కిట్ అది. అందులో ‘ప్యాక్’ అనేది ఖాళీ చోటులో ఏదో ఒక వైపు నుంచి ఒక పట్టీ కోసి మొదటి విడ్జెట్‌కు ఇస్తుంది, మిగిలిన ఖాళీలోంచి రెండోదానికి ఇస్తుంది, అలా పోతుంది. 1996లో ‘గ్రిడ్’ వచ్చి చేరింది. ఈ రెండింటినీ ఒకే కంటైనర్‌లో కలిపి వాడకూడదు. పాత టీకేలో అలా కలిపితే ప్యాక్ ఒక కొలత తేల్చేది, దాన్ని చూసి గ్రిడ్ మార్చేది, దాన్ని చూసి ప్యాక్ మళ్లీ మార్చేది. ప్రోగ్రాం అక్కడే తిరుగుతూ ఉండిపోయేది, తెర మీద ఏమీ కనిపించేది కాదు. ఒక కంటైనర్‌కు చోటు పంచే పెద్ద ఒక్కరే ఉండాలి.

ఈ లెక్కల మూలం అచ్చు పుస్తకాల్లో ఉంది. డోనల్డ్ నూత్ 1978లో తెచ్చిన టెక్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాంలో అక్షరాలు, మాటలు, లైన్లు అన్నీ పెట్టెలే. పెట్టెల మధ్య ‘గ్లూ’ ఉంటుంది. దానికి ఒక సహజ కొలత, ఎంత సాగగలదో, ఎంత ముడుచుకోగలదో చెప్పే రెండు అంకెలు. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ లింటన్ బృందం 1980ల్లో కట్టిన ఇంటర్‌వ్యూస్ టూల్‌కిట్ ఆ పెట్టెలనూ గ్లూనూ తెర మీదికి తెచ్చుకుంది. పేజీ కూర్పులో పుట్టిన ఆలోచన బటన్ల కూర్పుకు అలా చేరింది.

ఇంకో దారి కూడా ఉంది, సమీకరణాల దారి. బటన్ ఎడమ అంచు గడి కుడి అంచుకు 8 దూరంలో ఉండాలి, గడి వెడల్పు 120కి తగ్గకూడదు, ఇలా కావలసినవన్నీ రాసిచ్చి లెక్క కంప్యూటర్‌కే వదిలేయడం. ఐవన్ సదర్లాండ్ 1963లోనే ఎంఐటీలో తన స్కెచ్‌ప్యాడ్‌లో ఇలాంటి నిబంధనలతో బొమ్మలు గీయించాడు. 1990ల్లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ బోర్నింగ్, గ్రెగ్ బాడ్రోస్ తదితరులు కాసోవరీ అనే వేగమైన పద్ధతి రూపొందించారు. ఆపిల్ 2011లో మ్యాక్‌లో, ఆ తర్వాతి ఏడాది ఐఫోన్‌లో దాన్నే ఆటో లేఅవుట్‌గా తెచ్చింది. శక్తివంతమైన పద్ధతే. కానీ ‘ఎత్తు 44’ అని ఒక సమీకరణం రాసేస్తే కాసోవరీ దాన్ని తుచ తప్పకుండా పాటిస్తుంది, మన వత్తు మళ్లీ తెగుతుంది. పద్ధతి ఎంత తెలివైనదైనా, అంకె బిగించే అలవాటు మానకపోతే తెలుగుకు దక్కేది ఏమీ లేదు. 2018 డిసెంబరులో 1.0 వచ్చిన ఫ్లటర్ అనే టూల్‌కిట్ నియమం ఇంతకన్నా సరళం: కంటైనర్ హద్దులు చెబుతుంది, పిల్ల ఆ హద్దుల్లో తన కొలత చెబుతుంది, కూర్చునే చోటు కంటైనర్ చెబుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను పెట్టె, గ్రిడ్‌లతోనే మొదలుపెట్టమంటాను. వరుసలు, నిలువు వరుసలు కంటికి ఆనుతాయి, తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోవడం సులువు.

అక్షరాల సైజు సంగతి చెప్పకపోతే ఈ అధ్యాయం అసంపూర్ణం. ఏళ్ల తరబడి పోగులు చూసి అలసిన కళ్లున్న పెద్దవాళ్లు ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోనిస్తుంది. ఎత్తు బిగించిన గడిలో ఇంగ్లీషే అప్పుడు తెగిపోతుంది, తెలుగు గురించి వేరే చెప్పాలా? కంటైనర్‌కు లెక్క వదిలేసిన తెర మాత్రం ఈ పెంపును కూడా అనువాదాన్ని భరించినట్టే భరిస్తుంది. రెండూ దానికి ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి. పిల్లకు ఎంత కావాలి, నా దగ్గర ఎంత ఉంది.

భివండీలోనో హైదరాబాద్‌లోనో పుణేలోనో కూర్చుని యాప్‌లు రాస్తున్న తెలుగు పిల్లలు ఇప్పుడు తక్కువేమీ కాదు. వాళ్లకు నా మాట ఇది. మీ యాప్ బయటికి వదిలే ముందు ప్రతి గడిలోనూ ‘మహారాష్ట్ర’, ‘రిజిస్ట్రేషన్’, ‘లక్ష్మి’ కొట్టి చూడండి. అక్షరాల సైజును చివరిదాకా పెంచి చూడండి. భాషను ఉర్దూకు మార్చి వరుస తిరిగిందో లేదో చూడండి. ఉర్దూ అనువాదం ఇంకా చేతికి రాకపోతే ఆండ్రాయిడ్‌లో పరీక్ష కోసమే పెట్టిన ఉత్తుత్తి భాషలున్నాయి. ఒకటి మాటలను సాగదీస్తుంది, ఇంకోటి వరుసను తిప్పేస్తుంది, వాటిని వాడండి. యాప్‌లు రాయని పాఠకులు కూడా ఒక పని చేయొచ్చు. తెర మీద వత్తు తెగి కనిపించినప్పుడు ఊరుకోకండి. దాని స్క్రీన్‌షాట్ తీసి, ఏ గడిలో ఏ మాట తెగిందో రెండు ముక్కలు రాసి యాప్ తయారుచేసినవాళ్లకు పంపండి. గడి ఎత్తు నుంచి ఒక్క అంకె తీసేయడం వాళ్లకు కొద్ది నిమిషాల పని.